సామాజిక పరిశోధన పద్ధతుల బలాబలాలు తేల్చడం ఎలా?

"సర్వే తక్కువ ఖర్చుతో ఎక్కువ మందిని చేరుతుంది, కానీ లోతు ఉండదు. భాగస్వామ్య పరిశీలనలో లోతు ఉంటుంది, కానీ దాన్నుంచి అందరికీ వర్తించే మాట చెప్పలేం." సమాజశాస్త్రం జవాబు పత్రాల్లో ఈ వాక్యాలు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉన్నాయి. (భాగస్వామ్య పరిశీలన అంటే పరిశోధకులు ఆ మనుషుల మధ్యే కొంతకాలం మసలుతూ గమనించడం.) వీటిలో తప్పేమీ లేదు. కానీ వీటితో తేలేదీ ఏమీ లేదు. ఏ అంశానికైనా, ఏ ఊరికైనా వీటిని అతికించవచ్చు. ఒక పద్ధతి బలం, బలహీనత అది ఏ ప్రశ్నకు, ఎలాంటి మనుషుల మధ్య, ఏ కాలంలో వాడుతున్నామన్నదాన్ని బట్టి మారిపోతాయి. ఆ మార్పును లెక్క తీసి చెప్పగలిగితేనే మూల్యాంకనం చేసినట్టు.

ఆ పని వరసగా ఎలా చేయాలో విశాఖపట్నం ఫిషింగ్ హార్బరు చుట్టూ ఉన్న ఒకే విషయాన్ని పట్టుకుని చెబుతాను. మీరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎంఏ ప్రాజెక్టు చేస్తున్నా, పోటీ పరీక్షకు ఐచ్ఛికాంశంగా చదువుతున్నా, ఎవరో చేసిన సర్వే నివేదికను నమ్మాలో లేదో తేల్చుకోవాల్సివచ్చినా నడవాల్సిన దారి ఇదే.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్లూ ఇంజను పడవలూ వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వాటిని వదిలేయడానికి పెట్టిన నిషేధం ఇది. ఆ రెండు నెలలు జాలరిపేటల్లో ఇళ్లు ఎలా గడుస్తాయో తెలుసుకోవాలనుకుందాం. ఇది మంచి ఆసక్తే, కానీ పరిశోధన ప్రశ్న కావాలంటే దీన్ని ఇంకా విడగొట్టాలి.

నిషేధ కాలంలో ఎన్ని కుటుంబాలు అప్పు చేస్తున్నాయి? ఆ అప్పు ఎవరి దగ్గర, ఏ షరతు మీద పుడుతోంది? బ్యాంకు అందుబాటులో ఉన్నా బోటు యజమాని దగ్గరకో వడ్డీ వ్యాపారి దగ్గరకో ఎందుకు వెళ్తున్నారు?

మొదటిది లెక్క అడుగుతోంది, దానికి సర్వే కావాలి. రెండోది తీరు అడుగుతోంది. అప్పు ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ మాట్లాడుకునే చోట కొంతకాలం మసలాలి. మూడోది కారణం అడుగుతోంది. తీరిగ్గా కూర్చుని చేసే లోతైన ఇంటర్వ్యూలు లేకుండా అది బయటపడదు. ఇప్పుడు "సర్వేలో లోతు ఉండదు" అన్న మాటను మళ్లీ చూడండి. మొదటి ప్రశ్నకు ఆ లోపం పెద్ద అడ్డంకి కాదు. మూడో ప్రశ్నకు సర్వే మీదే ఆధారపడితే మొత్తం పరిశోధనే చెడుతుంది. కాబట్టి మీరు మూల్యాంకనం చేస్తున్న పరిశోధన ఏదైనా, ముందు అది అసలు ఏ ప్రశ్నకు జవాబు చెబుతానంటోందో కాగితం మీద రాసుకోండి. చాలా నివేదికల్లో ఆ ప్రశ్నే స్పష్టంగా ఉండదు. ఉండకపోతే అదే మొదటి బలహీనతగా నమోదు చేయండి.

2. ఎవరు లెక్కలోకి వచ్చారు, ఎవరు జారిపోయారు?

నమూనా గురించి అడగాల్సిన ప్రశ్నల్లో "ఎంతమంది?" అన్నది రెండోది. "ఎవరు?" అన్నది మొదటిది.

విద్యార్థులు సాధారణంగా ఉదయం పది, పదకొండు మధ్య ప్రశ్నావళులు పట్టుకుని పేటలోకి వెళ్తారు. ఆ వేళకు ఇంట్లో దొరికేది ఎవరు? ముసలివారు, పసిపిల్లల తల్లులు, ఆ రోజు పనికి వెళ్లనివారు. చేపలమ్మే స్త్రీలు తెల్లవారకముందే బయల్దేరి, సరుకు కొనుక్కుని, గంపలతో మార్కెట్లకో కాలనీ వీధుల్లోకో వెళ్లిపోయి ఉంటారు. నిషేధ కాలంలోనూ ఎండు చేపలతోనో చెరువు చేపలతోనో వారి తిరుగుడు ఆగదు. అంటే మగవారి వేట ఆగిన రోజుల్లో ఇల్లు నడిపే మనిషే మీ సర్వేలో లేకుండా పోతుంది. మీరు ఇంటింటికీ తిరిగినా, ప్రతి ఐదో ఇంటినీ నియమం తప్పకుండా ఎంచుకున్నా, వేళ సరిగా లేకపోతే నమూనా వంకరపోతుంది.

మగవారి విషయంలోనూ ఇలాంటిదే ఉంది. ఉత్తరాంధ్ర తీరం నుంచి గుజరాత్‌లోని వెరావల్ లాంటి రేవులకు బోటు పనికి వలస వెళ్లేవారున్నారు. పశ్చిమ తీరంలో నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 వరకు. మనకు వేట ఆగిన మొదటి నెలన్నర అక్కడ సాగుతూనే ఉంటుంది. అలా వెళ్లినవారు మే నెలలో మీరు చేసే సర్వేకు దొరకరు. అప్పు బాధ తట్టుకోలేక వెళ్లినవారు అందులో ఉంటే, "అప్పు ఎంతమందికి ఉంది" అన్న మీ లెక్క అసలుకంటే తక్కువే చూపిస్తుంది.

ఇక జాబితా. నమూనాను దేనిలోంచి ఎంచుకున్నారో తప్పక అడగండి. వేట నిషేధ భృతి లబ్ధిదారుల జాబితా సులభంగా దొరుకుతుంది, పేర్లు వరసగా ఉంటాయి, కాబట్టి చాలామంది దాన్నే పట్టుకుంటారు. అది పడవల మీద వేటకు వెళ్లేవారి కోసం తయారైన జాబితా. చేపలు అమ్మే, ఎండబెట్టే, వలలు బాగుచేసే, మూటలు మోసే వారిని లెక్కించడం దాని పని కాదు. పైగా ఇంజను లేని సంప్రదాయ పడవలకు నిషేధం వర్తించదు. వారినీ, మరబోటు మీద కూలికి వెళ్లే కలాసీలనూ, బోటు యజమానులనూ "మత్స్యకారులు" అనే ఒక్క గడిలో వేసి సగటు తీస్తే ఆ సగటు ఎవరి బతుకునూ చెప్పదు. మంచి సర్వే ఈ ముగ్గురినీ ముందే విడదీసి, ఒక్కో వర్గంలోంచి వేరువేరుగా నమూనా తీస్తుంది.

ఇవన్నీ చూశాకే సంఖ్య దగ్గరకు రండి. దానికి ఒక చిన్న లెక్క చాలు: యాదృచ్ఛికంగా, అంటే చీటీలు తీసినట్టు, ఎంచుకున్న నమూనాలో ఎంతమంది ఉన్నారో ఆ సంఖ్యకు వర్గమూలం తీసి, దానితో 1ని భాగించండి. 100 మందికి పొరపాటు అంచనా సుమారు 10 శాతం అటూ ఇటూ. 400 మందికి 5 శాతం. 1,000 మందికి 3 శాతం పైచిలుకు. పొరపాటును సగానికి తగ్గించాలంటే నమూనాను నాలుగు రెట్లు చేయాలన్నమాట. వంద మందిని అడిగి "మరబోట్ల వారిలో 54 శాతం, సంప్రదాయ పడవల వారిలో 49 శాతం అప్పు చేశారు" అని తేడా చూపే నివేదికను చూస్తే, ఆ తేడాకు అర్థం లేదని మీరు వెంటనే చెప్పగలగాలి.

అయితే ఈ లెక్క యాదృచ్ఛిక నమూనాకే పనిచేస్తుంది. వంకర నమూనాను ఎంత పెంచినా వంకర పోదు. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలట్లు పంపి, 20 లక్షలకు పైగా జవాబులు సంపాదించి, రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. తీరా చూస్తే 48 రాష్ట్రాల్లో 46 ఆయన ప్రత్యర్థి రూజ్‌వెల్ట్‌కు దక్కాయి. పత్రిక పేర్లు తీసుకున్నది ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీలు, కార్ల రిజిస్ట్రేషన్ జాబితాల నుంచి. ఆర్థిక మాంద్యంలో ఫోనూ కారూ ఉన్నవారెవరో వేరే చెప్పనక్కర్లేదు. దానికి తోడు, జవాబు పంపినవారు పంపనివారిలాంటివారే అన్న భరోసా కూడా లేదు. వాట్సాప్‌లో ఫారం పంపి "విశాఖ యువత అభిప్రాయం" అని రాసే నివేదికలు ఈనాటికీ చేస్తున్న పని ఇదే.

3. చెప్పినదీ ఉన్నదీ ఒకటేనా?

మూల్యాంకనంలో ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. పాఠ్యపుస్తకాలు దీన్ని సప్రమాణత అంటాయి. కొలవాలనుకున్నదాన్నే కొలిచామా అన్నదే ఇక్కడి పరీక్ష.

ఒక ఇంటర్వ్యూ ఎలా నడుస్తుందో దగ్గరగా చూద్దాం. పేటలో ఒక ఇంటి అరుగు మీద నలభై ఏళ్ల స్త్రీ కూర్చుని ఉంది. పక్కనే ఆమె భర్త. ఎదుట మీరు, చేతిలో అట్ట, దానికి క్లిప్పు పెట్టిన ప్రశ్నావళి. మొదటి ప్రశ్న: "ఏం పని చేస్తారమ్మా?" జవాబు: "నేనేం చేస్తానమ్మా, ఇంట్లోనే ఉంటాను." ఆమె వెనుక చాప మీద నెత్తళ్లు ఎండుతుంటాయి. రెండో ప్రశ్న: "నెలకు ఆదాయం ఎంత వస్తుంది?" ఆమె భర్త వైపు చూస్తుంది. అతను మీ చేతిలోని కాగితం వైపు చూస్తాడు. "ఏముందమ్మా, ఐదారు వేలు." మూడో ప్రశ్న: "అప్పు ఉందా?" అప్పటికి వీధిలో మరో ఇద్దరు వచ్చి నిలబడ్డారు. "లేదమ్మా."

ముగ్గురూ మర్యాదగా మాట్లాడారు. ప్రశ్నావళి నిండింది. మూడు జవాబులూ నమ్మదగ్గవి కావు. ప్రతిదానికీ వేరే కారణం ఉంది, మూల్యాంకనం చేసేవారు ఆ కారణాలను విడదీయాలి.

మొదటిదానిలో లోపం ప్రశ్నది. చేపలు ఎండబెట్టడాన్ని ఆమె "పని" కింద లెక్కవేయదు. "నిన్న పొద్దున లేచినప్పటి నుంచి ఏమేం చేశారు?" అని గంటగంటకూ అడిగితే అది బయటపడుతుంది. 2019లో దేశవ్యాప్తంగా చేసిన కాల వినియోగ సర్వే అడిగిన తీరు ఇదే. అంటే సర్వే పద్ధతినే వదులుకోనక్కర్లేదు, ప్రశ్నను మారిస్తే చాలు. "సర్వేలు స్త్రీల శ్రమను చూడలేవు" అని మొత్తంగా కొట్టిపారేసేవారు ఈ తేడాను గమనించరు.

రెండోదానిలో లోపం అడిగేవారి రూపంలో ఉంది. వార్డు సచివాలయం నుంచి ఎప్పుడూ ఎవరో ఒకరు ఏదో సర్వే అంటూ వచ్చే వీధుల్లో, కాగితం పట్టుకుని ఆదాయం అడిగిన ప్రతి మనిషీ ప్రభుత్వ మనిషే. ఎక్కువ చెబితే రేషన్ కార్డు పోతుందేమో, పింఛను ఆగుతుందేమో అన్న భయం న్యాయమైనదే. మీరు విద్యార్థినని చెప్పినా ఆ భయం ఒక్క పూటలో పోదు. అందుకే ఆదాయం నేరుగా అడగడం కంటే ఖర్చు అడగడం మేలు: వారానికి బియ్యం ఎన్ని కిలోలు, పిల్లల ఫీజు ఎంత, ఫోను రీచార్జి ఎంత. పరిశోధకులు అలా అడిగారా లేదా చూసి దాన్ని బట్టి విలువ కట్టండి.

మూడోదానిలో లోపం చోటుది. అప్పు ఇచ్చిన మనిషి అదే వీధిలో ఉండవచ్చు. భర్తకు తెలియని అప్పూ ఉండవచ్చు. ఇక్కడ ప్రశ్నను ఎంత మార్చినా లాభం లేదు. ఆమె ఒంటరిగా, నమ్మకంతో మాట్లాడే పరిస్థితి కావాలి. సర్వేను వదిలి ఇంటర్వ్యూకో, కొన్ని నెలల పరిచయానికో వెళ్లాల్సింది ఇలాంటి చోటే. బృంద చర్చ పెడితే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. పదిమంది ముందు సొంత అప్పు గురించి ఎవరు మాట్లాడతారు? కానీ "ఈ పేటలో వడ్డీ రేట్లు ఎలా ఉంటాయి?" అన్నదానికి బృంద చర్చే చక్కని మార్గం. ఒకరు తప్పు చెబితే పక్కవారే దిద్దుతారు.

జ్ఞాపకం సంగతి కూడా చూడండి. "పదేళ్ల కిందట మీ అప్పు ఎంత?" అన్న ప్రశ్నకు వచ్చే అంకె ఊహే. "హుద్‌హుద్ వచ్చిన ఏడు పడవ పోయిందా, కొత్తదానికి డబ్బు ఎక్కడ తెచ్చారు?" అంటే మనిషి ఆలోచించి చెబుతారు. 2014 అక్టోబరు 12న వచ్చిన ఆ తుఫానును ఈ తీరంలో ఎవరూ మరచిపోలేదు. పెళ్లిళ్లు, పుట్టుకలు, ఇల్లు కట్టుకోవడం అన్నీ దానికి ముందా తర్వాతా అని గుర్తు పట్టించవచ్చు. గతాన్ని అడిగే పరిశోధన ఇలాంటి గుర్తులు వాడిందో లేదో చూడటం మూల్యాంకనంలో భాగమే.

మాటకూ చేతకూ మధ్య దూరాన్ని కొలిచిన పాత ప్రయోగం ఒకటి ఇక్కడ తప్పక తెలుసుకోవాలి. 1930ల తొలినాళ్లలో అమెరికా సమాజశాస్త్రవేత్త రిచర్డ్ లాపియర్ ఒక చైనా యువ దంపతులతో అమెరికా అంతా తిరిగాడు. చైనీయుల పట్ల వివక్ష బలంగా ఉన్న రోజులవి. 251 హోటళ్లు, భోజనశాలల్లో ఒక్కటి మాత్రమే వారిని కాదంది. ఆరు నెలలు ఆగి, "చైనీయులను రానిస్తారా?" అని ఉత్తరాలు రాస్తే, జవాబిచ్చిన 128 మందిలో నూటికి 90 మందికి పైగా రానివ్వమన్నారు. 1934లో ఇది అచ్చయింది. "ప్రశ్నావళి అబద్ధం, పరిశీలన నిజం" అని దీన్ని చెప్పేయడం తొందరపాటు. ఉత్తరానికి జవాబు రాసినది యజమాని కావచ్చు, గది ఇచ్చినది గుమాస్తా కావచ్చు. దంపతుల వెంట తెల్లవాడు ఉండటం కూడా పని చేసి ఉండవచ్చు. పేరున్న అధ్యయనాన్ని కూడా ఇలా నిలదీసి అడగడం అలవాటు చేసుకోండి.

4. మరొకరు చేస్తే ఇదే వస్తుందా?

విశ్వసనీయత అంటే ఇదే. సర్వే విషయంలో దీన్ని పరీక్షించడం సులభం: అదే ప్రశ్నావళితో మరొకరిని పంపి కొన్ని ఇళ్లలో మళ్లీ అడిగించండి. అడిగేవారు స్త్రీ అయితే ఒక జవాబు, పురుషుడైతే మరో జవాబు వస్తున్నాయేమో చూడండి.

పరిశీలన విషయంలో ఇది కష్టం. సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు దగ్గర ఒక పల్లెలో ఉండి సేకరించి, తర్వాత క్రమపరచిన నోట్సు 1970లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో దుండగులు పెట్టిన మంటల్లో కాలిపోయింది. ఆయన జ్ఞాపకం మీద ఆధారపడి ఆ పల్లె గురించి రాసిన పుస్తకం 1976లో వచ్చింది, ఇప్పటికీ చదువుతున్నారు. భాగస్వామ్య పరిశీలన బలమూ బలహీనతా రెండూ ఈ ఒక్క ఉదంతంలో ఉన్నాయి. ఊళ్లో నెలల తరబడి ఉన్న మనిషి లోపల ఇంకినదాన్ని మంట కాల్చలేదు. కానీ ఆయన చెప్పినదాన్ని సరిచూసుకోవడానికి మనకు ఆయనే దిక్కు. ఆయన ఉన్నది ఊరి పెద్దకు చెందిన ఇంట్లో. అక్కడి నుంచి ఊరు ఎలా కనిపిస్తుంది, దళితవాడ నుంచి ఎలా కనిపిస్తుంది అన్న తేడా చిన్నది కాదు.

అందుకే పరిశీలన ఆధారంగా రాసినది ఏది చదివినా, పరిశోధకులు ఎక్కడ బస చేశారో, ఎవరు పరిచయం చేశారో వెతకండి. జాలరిపేటలో బోటు యజమాని ఇంట్లో ఉండి కలాసీల అప్పుల గురించి రాస్తే, కలాసీలు మీకు చెప్పినవాటికంటే చెప్పనివే ఎక్కువని అనుకోవాలి. ఆ సంగతిని పరిశోధకులు దాచకుండా రాస్తే అది ఆ పరిశోధనకు బలమవుతుంది.

5. ఇతరులు సేకరించిన అంకెలు వాడితే

జనగణన, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లాంటివి ఖర్చు లేకుండా దొరుకుతాయి, నమూనా పెద్దది, పద్ధతి రాతపూర్వకంగా ఉంటుంది. ఈ బలాలను తక్కువ చేయకూడదు. కానీ రెండు విషయాలు సరిచూడండి.

ఒకటి, హద్దులు. 2022 ఏప్రిల్ 4న పాత విశాఖపట్నం జిల్లా మూడు జిల్లాలైంది: విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు. 2011 జనగణనలోనూ, 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలోనూ "విశాఖపట్నం జిల్లా" అంటే పాడేరు, అరకు ఏజెన్సీతో కలిపిన పాత జిల్లా. ఇప్పటి జిల్లా దాదాపుగా నగరం, దాని శివార్లు. ఆ పాత అంకెను ఇప్పటి జిల్లాకు అంటగట్టి "పదేళ్లలో పరిస్థితి ఇంత మారింది" అనే వాక్యం ఎక్కడ కనిపించినా అక్కడ ఆగి, హద్దులు సర్దారో లేదో అడగండి.

రెండు, నిర్వచనాలు. జనగణనలో ఏడాదికి ఆరు నెలలు, అంతకు మించి పనిచేస్తే ప్రధాన కార్మికులు. 61 రోజులు ఖాళీగా ఉన్న కలాసీ కూడా ఆ గడిలోనే ఉంటాడు. నిషేధ కాలపు కష్టం ఆ పట్టికలో కనిపించకపోతే, కష్టం లేదనుకోకండి. ఆ పట్టిక తయారైంది దానికోసం కాదు. 1897లో ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త ఎమిల్ దుర్కెమ్ ఆత్మహత్యల మీద చేసిన గొప్ప అధ్యయనాన్ని కూడా తర్వాతివారు ఈ వైపు నుంచే ప్రశ్నించారు: ఏ మరణాన్ని ఆత్మహత్యగా నమోదు చేయాలో నిర్ణయించింది అధికారులే కదా అని.

6. ఎవరికి దెబ్బ తగలవచ్చు?

నైతికత అంటే సమ్మతి పత్రం మీద సంతకం అని సరిపెట్టుకునేవారున్నారు. చిన్న పేటలో పేరు తీసేసినంత మాత్రాన మనిషి దాగరు. "ఇద్దరు ఆడపిల్లలున్న, గుడి వెనుక వీధిలో ఉండే వితంతువు" అని రాస్తే ఆ పేటలో అందరికీ తెలిసిపోతుంది. ఆమె వడ్డీ వ్యాపారి గురించి చెప్పిన మాట అతని చెవిన పడితే, వచ్చే నిషేధ కాలంలో ఆమెకు అప్పు పుట్టదు. పరిశోధన ఎంత లోతుగా ఉంటే ఈ ప్రమాదం అంత ఎక్కువ. పద్ధతి బలాల జాబితాలో "లోతు" అని రాసినప్పుడు దాని పక్కనే ఆ లోతుకు మూల్యం ఎవరు చెల్లించవచ్చో కూడా రాయండి.

7. తీర్పు రాయండి

చివరికి ఒక పేరా రాయాలి. బలాలు నాలుగు, బలహీనతలు నాలుగు అని సమానంగా పేర్చకండి. ఒక్క లోపం మొత్తం ఫలితాన్ని కూల్చవచ్చు, ఐదు లోపాలు ఉన్నా ఫలితం నిలబడవచ్చు. ఊహించుకున్న ఒక సర్వేకు అలాంటి పేరా ఇలా ఉండవచ్చు:

"ఈ సర్వే 400 ఇళ్లను యాదృచ్ఛికంగా ఎంచుకుంది, కాబట్టి అప్పు చేసిన కుటుంబాల శాతాన్ని ఐదు శాతం అటూ ఇటూగా అంచనా వేయగలదు. కానీ పగటిపూట, కుటుంబ సభ్యుల ముందే అడిగింది. అందువల్ల అసలు శాతం ఇంతకంటే ఎక్కువే ఉండి ఉంటుంది. తక్కువ ఉండే అవకాశం స్వల్పం. అప్పు ఎవరి దగ్గర తెచ్చారన్న పట్టికను నమ్మలేం, ఎందుకంటే అప్పిచ్చినవారి పేటలోనే, అందరి ఎదుట ఆ ప్రశ్న అడిగారు. దానికి విడిగా ఇంటర్వ్యూలు కావాలి. సంప్రదాయ పడవల కుటుంబాలను విడిగా తీసుకోలేదు కాబట్టి వారి గురించి ఈ సర్వే ఏమీ చెప్పజాలదు."

ఇందులో ప్రతి లోపం పక్కనా దానివల్ల ఫలితానికి ఏమవుతుందో ఉంది. పెంచుతుందా, తగ్గిస్తుందా, లేక ఎటు లాగుతుందో చెప్పలేమా అన్నది రాయకుండా "పక్షపాతం ఉండవచ్చు" అని వదిలేస్తే చదివేవారికి ఉపయోగం లేదు. ఒకే విషయాన్ని రెండు పద్ధతులతో చూసిన పరిశోధన అయితే, ఆ రెండూ ఎక్కడ పొసగలేదో వెతికి పట్టుకోండి. సర్వేలో "అప్పు లేదు" అన్న ఇంట్లోనే ఇంటర్వ్యూలో అప్పు బయటపడితే, ఆ తేడా ఎన్ని ఇళ్లలో వచ్చిందో అడగండి. సర్వే అంకెను ఎంత సర్దాలో అది చెబుతుంది.

ఈ పేరాను మీ నివేదిక చివర అనుబంధంలో పెట్టకండి. ఫలితాల పట్టికకు ముందే ఉంచండి. చదివేవారు అంకెను చూసేసరికే దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో వారికి తెలిసి ఉండాలి.